అరికాళ్ళ మంట, మనసులో దిగులు

"రోడ్డు మీద నడుస్తుంటే చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియలేదండీ. వెనకొచ్చే ఆయన పిలిచి చెబితే వంగి చూసుకున్నా." మధుమేహ వైద్యులకు ఈ మాట కొత్త కాదు. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్న మనిషికి పాదాల్లో స్పర్శ పోయిందనడానికి ఇంతకన్నా తేలికైన ఆనవాలు ఉండదు. డాక్టరు చీటీ మీద న్యూరోపతీ అని రాసుకుంటారు. నరాలకు ఒక బిళ్ళ, రాత్రిపూట మంటకు ఇంకో బిళ్ళ రాస్తారు. ఆ మాటకు రెండో సగం ఒకటి ఉంటుంది. నలుగురి మధ్య ఒంటి చెప్పుతో నిలబడ్డాక ఆ మనిషి సాయంత్రం నడక మానేస్తాడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళకు, పేరంటాలకు ఏదో ఒక వంక చెబుతాడు. రాత్రి రెండింటికి లేచి మంచం మీద కూర్చుంటాడు. "ఎందుకొచ్చిన బతుకు" అని ఒకటి రెండుసార్లు భార్య దగ్గర అంటాడు. దీన్ని రాసుకోవడానికి చీటీలో గడి లేదు.

ఆ రెండో సగం మీద గత పాతికేళ్ళలో పరిశోధన బాగానే జరిగింది. మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నవారిలో దిగులు, ఆందోళన ఎంత ఎక్కువ? ఎందుకు ఎక్కువ? వాటి వల్ల పాదానికి జరిగే చేటు ఏమిటి? ఏ మందు దేనికి పనిచేస్తుంది? ఏది తేలింది, ఏది తేలలేదు అన్నది ఒకచోట పెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

నరాల బలహీనత అనే గంప

ముందు భాష సంగతి. మన దగ్గర "నరాల బలహీనత" అన్న మాట ఒక పెద్ద గంప. చేతులు వణికినా అదే, గుండె దడదడలాడినా అదే, రాత్రి నిద్ర పట్టకపోయినా అదే. మగవాళ్ళు పడకగది సమస్యను చెప్పలేక చెప్పేదీ ఆ మాటతోనే. అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టు, సూదులు గుచ్చుతున్నట్టు, నిప్పుల మీద నిలబడ్డట్టు ఉన్నా అదే పేరు. కాబట్టి "నరాల బలహీనతండీ" అన్న రోగి చెప్పింది పాదం గురించో, మనసు గురించో, దాంపత్యం గురించో రెండో ప్రశ్న అడిగితే తప్ప తెలియదు. ఆ రెండో ప్రశ్న పడేలోపే బీకాంప్లెక్స్ సూది పడుతుంది.

నిజానికి ఆ గంపలో కొంత సత్యం లేకపోలేదు. మధుమేహం పాదాల నరాలతో ఆగదు. గుండె వేగం, రక్తపోటు, జీర్ణకోశం, మూత్రకోశం, లైంగిక పటుత్వం చూసుకునే స్వయంచాలక నరాలనూ అది తినేస్తుంది. ఊరికే కూర్చున్నా నాడి వేగంగా కొట్టుకోవడం, లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మడం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం దాని గుర్తులే. వీటిలో సగం లక్షణాలు ఆందోళనకూ ఉన్నాయి. షుగర్ ఒక్కసారిగా పడిపోయినప్పుడు పట్టే చెమట, వణుకు, దడ కూడా అంతే. రోగికైనా వైద్యుడికైనా ఏది ఏదో విడదీసి చూడటం అంత సులువు కాదు. ఈ విషయం మీద జరిగిన పరిశోధనకు మొదటి చిక్కు ఇక్కడే ఉంది.

లెక్కలు చెప్పేది

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది. మధుమేహం ఉన్నవారిలో సుమారు సగం మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు నరాలు దెబ్బతింటాయి. వారిలో చాలామందికి మంట, పోటు ఏమీ ఉండవు. పాదం మొద్దుబారుతుంది, అంతే. మిగిలినవారిని నొప్పి రాత్రుళ్ళు నిద్రపోనివ్వదు.

ఇక దిగులు. మధుమేహం లేనివారికన్నా ఉన్నవారిలో కుంగుబాటు దాదాపు రెట్టింపు అని 2001లో ఆండర్సన్, లస్ట్‌మన్ బృందం 42 అధ్యయనాలను కలిపి తేల్చింది. అదే ఏడాది డి గ్రూట్ నాయకత్వంలో వచ్చిన మరో సమీక్ష 27 అధ్యయనాలను గుదిగుచ్చి, కుంగుబాటుకూ మధుమేహం తెచ్చే ఉపద్రవాలకూ సంబంధం ఉందని చూపింది. కళ్ళు, మూత్రపిండాలు, గుండె రక్తనాళాలు, లైంగిక సమస్యలతో పాటు నరాల జబ్బు కూడా ఆ జాబితాలో ఉంది. ఆందోళన మీద లెక్కలు తక్కువ. ఉన్నవాటిలో తరచు ఉదహరించేది 2002 నాటి గ్రిగ్స్‌బీ సమీక్ష. మధుమేహం ఉన్నవారిలో దాదాపు 40 శాతం మందిలో ఆందోళన లక్షణాలు పెరిగి ఉన్నాయని, 14 శాతం మందికి అది జబ్బు స్థాయిలో ఉందని అందులో తేలింది.

మన పొరుగున చెన్నైలో జరిగిన క్యూర్స్ అధ్యయనం మరింత దగ్గరి చిత్రం ఇస్తుంది. 2011లో ప్రచురించిన ఆ లెక్కలో 847 మంది టైప్-2 మధుమేహులు ఉన్నారు. నరాల జబ్బు లేనివారిలో 15.9 శాతం మందికి కుంగుబాటు ఉంటే, ఉన్నవారిలో 28.4 శాతం మందికి ఉంది. నలుగురిలో ఒకరికన్నా కాస్త ఎక్కువ. కిటకిటలాడే షుగర్ ఓపీ బయట బెంచీ మీద నలుగురు న్యూరోపతీ రోగులు కూర్చుంటే, వారిలో ఒకరు దిగులుతో కూర్చున్నారన్నమాట.

దక్షిణాసియా వాళ్ళ గురించి ఇంకో వింత సంగతి ఉంది. ఇంగ్లండులో 15,692 మంది మధుమేహులను చూసి క్యారొలైన్ ఆబట్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియా మూలాలున్నవారిలో పరీక్షకు దొరికే నరాల నష్టం యూరోపియన్లకన్నా తక్కువగా కనిపించింది. నొప్పి, మంట లక్షణాలు మాత్రం వారిలోనే ఎక్కువ. నరం ఎంత చెడిందన్నదీ మనిషి ఎంత బాధపడుతున్నాడన్నదీ ఒకే కొలబద్దకు లొంగవని దీని అర్థం. ఈ మాట ముందు ముందు మళ్ళీ అవసరమవుతుంది.

బాణం ఎటు తిరిగింది?

17వ శతాబ్దంలో ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ మధుమేహానికి దీర్ఘకాలపు దుఃఖం ఒక కారణమని రాశాడు. మన ఇళ్ళల్లో కూడా "కొడుకు పోయిన దిగులుతోనే షుగర్ వచ్చింది" అనే మాట వింటాం. ఇది పూర్తిగా కొట్టిపారేయాల్సిన మాట కాదు. బ్రియానా మెజుక్ బృందం 2008లో చేసిన సమీక్షలో కుంగుబాటు ఉన్నవారికి తర్వాత టైప్-2 మధుమేహం వచ్చే అవకాశం 60 శాతం ఎక్కువగా, మధుమేహం ఉన్నవారికి తర్వాత కుంగుబాటు వచ్చే అవకాశం 15 శాతం ఎక్కువగా తేలింది. అంటే బాణం రెండు వైపులా ఉంది. దిగులు నుంచి షుగర్ వైపున్న మొనే కాస్త పదును.

నరాల జబ్బు దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క అంత తేటగా లేదు. చాలా అధ్యయనాలు ఒకే రోజు పాదాన్నీ మనసునూ కలిపి కొలిచినవి. అలాంటి ఫొటోలో ఇద్దరూ పక్కపక్కనే కనిపిస్తారు గాని, ముందు ఎవరొచ్చారో తెలియదు. కాలం వెంట నడిచి చూసిన అధ్యయనాలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. వాటిలో ముఖ్యమైనవి మాంచెస్టర్‌లో పనిచేసిన లొరెట్టా విలైకీటే బృందానివి.

నొప్పికన్నా తడబాటు

విలైకీటే 2005లో ప్రచురించిన అధ్యయనంలో నరాలు దెబ్బతిన్న 494 మంది ఉన్నారు. వారిలో దిగులుకు అన్నిటికన్నా గట్టిగా ముడిపడిన లక్షణం ఏది? అందరూ ఊహించేది మంట, పోటు. తేలింది నడకలో తడబాటు. కాలు ఎక్కడ పడుతుందో తెలియకపోవడం, నిలబడితే ఊగినట్టు ఉండటం, దూది మీద నడుస్తున్నట్టు అనిపించడం. నొప్పికీ, స్పర్శ పోవడానికీ కూడా దిగులుతో సంబంధం ఉంది గాని దీని తర్వాతే. 338 మందిని 18 నెలల పాటు గమనించి 2009లో రాసిన మరో వ్యాసంలోనూ తడబాటే ముందు నిలిచింది. నరాల జబ్బు ఉన్నప్పుడు కాలం గడిచేకొద్దీ దిగులు పెరిగే ప్రమాదం ఉందని కూడా అందులో చూపారు.

మధ్యలో వంతెన ఏమిటన్నది ఆ అధ్యయనాల్లో మరింత విలువైన భాగం. పని చేసుకోలేకపోవడం ఒకటి. ఇంట్లో, బయట తన స్థానం తగ్గిపోయిందన్న భావన రెండోది. లక్షణాలు ఎప్పుడు ఎగదన్నుతాయో తెలియకపోవడం మూడోది. ఎన్ని మందులు వాడినా ఇది తన చేతిలోకి రాదన్న నమ్మకం నాలుగోది.

ఈ నాలుగూ మన ఇళ్ళకు తెచ్చి చూడండి. వరి గట్టు మీద నడవలేని రైతు పొలం కౌలుకిస్తాడు. పొలం కౌలుకిచ్చాక ఊళ్ళో ఆయన మాటకు బరువు తగ్గుతుంది. మెట్లు దిగడానికి కోడలి చెయ్యి పట్టుకోవలసి వచ్చిన అత్తగారు గుడికి వెళ్ళడం మానేసి, "ఇంట్లోనే దణ్ణం పెట్టుకుంటున్నా" అంటుంది. స్కూటర్ బ్రేకు మీద కాలు పడిందో లేదో తెలియని గుమాస్తా ఉద్యోగానికి ఎవరి వెనకో కూర్చుని వెళతాడు. వీళ్ళలో ఎవరూ "నాకు డిప్రెషన్" అనరు. "ఓపిక లేదు", "మనసు బాగోలేదు", "దేని మీదా ధ్యాస లేదు" అంటారు. ఇంట్లోవాళ్ళు వయసు మీద పడిందనుకుంటారు.

నొప్పి పాత్ర తక్కువని కాదు. అమెరికాలో 255 మంది మీద గోర్ బృందం 2005లో చేసిన పరిశీలనలో నొప్పి తీవ్రత పెరిగేకొద్దీ ఆందోళన, దిగులు, నిద్రలేమి మూడూ మెట్టు మెట్టుగా పెరిగాయి. నరాల నొప్పికి రాత్రి అంటే మహా ఇష్టం. దుప్పటి తగిలినా మండుతుంది. నిద్ర లేని మనిషికి మర్నాడు నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది, మనసు ఇంకా దిగజారుతుంది, ఆ రాత్రి నిద్ర ఇంకా దూరమవుతుంది. ఈ గానుగ ఎక్కడ మొదలైందని వెతకడంకన్నా ఎక్కడో ఒకచోట ఆపడం ముఖ్యం.

శరీరం లోపలి దారులు

మనసుకూ నొప్పికీ శరీరంలో ఉమ్మడి దారులున్నాయి. కాలి నుంచి వచ్చే నొప్పి సంకేతాన్ని వెన్నుపాము దగ్గరే తగ్గించడానికి మెదడు నుంచి కిందికి వచ్చే నరమార్గాలు ఉన్నాయి. ఆ మార్గాల్లో పనిచేసే రసాయనాలు సెరొటోనిన్, నోరెపినెఫ్రిన్. కుంగుబాటు మందులు పెంచేదీ వాటినే. తలుపు కాపలావాడికి ఓపిక తగ్గితే లోపలికి వచ్చే గోల పెరిగినట్టే, ఈ రసాయనాల పని మందగిస్తే అదే గాయం ఎక్కువగా నొప్పెడుతుంది. దీనికి తోడు దీర్ఘకాలపు ఒత్తిడిలో కార్టిసాల్ పెరిగి రక్తంలో చక్కెరను ఎగదోస్తుంది. శరీరంలో మంద్రంగా సాగే వాపు ప్రక్రియ మధుమేహంలోనూ కుంగుబాటులోనూ కనిపిస్తుంది. ఇవన్నీ నమ్మదగిన వివరణలే. కానీ ఒక రోగిలో దిగులుకు ఇదే కారణమని వేలెత్తి చూపే పరీక్ష ఇప్పటికీ లేదు.

వేలెత్తి చూపగలిగింది ఒకటుంది, దాన్నే చాలాసార్లు వదిలేస్తున్నాం. విటమిన్ బీ12 లోపం. మెట్‌ఫార్మిన్ బిళ్ళ ఏళ్ళ తరబడి వేసుకునేవారిలో బీ12 తగ్గే అవకాశం ఉంది. మాంసాహారం ముట్టని ఇళ్ళల్లో అది మరీ ఎక్కువ. బీ12 తగ్గితే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నడక తడబడుతుంది, మనసు కుంగుతుంది. ఈ వ్యాసంలోని మూడు పాత్రలూ ఒక్క లోపంలోనే ఉన్నాయి. థైరాయిడ్ మందగించినా ఇంచుమించు ఇదే కథ. దిగులుకు మందు రాసే ముందు, నరాల జబ్బంతా షుగర్‌దే అనే ముందు ఈ రెండు రక్తపరీక్షలు చేయించడం కనీస ధర్మం.

దిగులా, షుగరా?

కొలత దగ్గర పెద్ద పేచీ ఉంది. కుంగుబాటును పసిగట్టడానికి ప్రపంచమంతా వాడేది పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం. మొత్తం 27 మార్కులు. 10 గాని అంతకు మించి గాని వస్తే లోతుగా చూడాలి. కానీ ఆ తొమ్మిదిలో నిద్ర, నీరసం, ఆకలి, చురుకుదనం తగ్గడం గురించిన ప్రశ్నలున్నాయి. రాత్రంతా కాళ్ళు మండి నిద్రపోని మనిషికి, షుగర్ 300 ఉండి నీరసపడ్డ మనిషికి, మనసు నిబ్బరంగా ఉన్నా మార్కులు పడతాయి. అందుకే శరీర లక్షణాలను పక్కనపెట్టి మనసునే అడిగే హాడ్స్ అనే 14 ప్రశ్నల పత్రాన్ని నరాల జబ్బు పరిశోధనల్లో ఎక్కువగా వాడారు. ఏ పత్రం వాడారన్నదాన్ని బట్టి శాతాలు మారిపోతాయి. ఒక అధ్యయనంలోని అంకెను మరోదానితో పోల్చేటప్పుడు ఈ తేడా మరవకూడదు.

రెండో పేచీ ఇంకా లోతైనది. జబ్బుతో విసిగిపోవడం వేరు, కుంగుబాటు వేరు. రోజూ బిళ్ళలు, పథ్యం, వేలి పోట్లు, "ఈసారి కూడా ఎక్కువే ఉంది" అన్న డాక్టరు మాటలు, వీటితో కలిగే విసుగును విలియం పొలాన్‌స్కీ 1995లో పెయిడ్ అనే 20 ప్రశ్నల పత్రంతో విడిగా కొలవడం మొదలుపెట్టాడు. ఈ విసుగుకు కుంగుబాటు మందు పనికిరాదు. పథ్యం సడలించడం, మందులు కుదించడం, మనిషి మాట వినడం పనికొస్తాయి. పాదం మొద్దుబారిన ఒక పెద్దాయన "ఇంక నా వల్ల కాదు" అన్నప్పుడు అది విసుగో, కుంగుబాటో, ఆత్మహత్య ఆలోచనో తేల్చగలిగేది మార్కుల పత్రం కాదు, కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగే మనిషి. పత్రం ఆ మాటకు తలుపు తీస్తుంది, అంతవరకే.

పుండు దాకా, ఆ పైన

దిగులును పట్టించుకోకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు అన్నిటికన్నా స్పష్టంగా ఉంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 3,474 మంది మధుమేహులను నాలుగేళ్ళకు పైగా గమనించి విలియమ్స్ బృందం 2010లో రాసినదాని ప్రకారం, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారికి పాదంలో పుండు పడే ప్రమాదం రెట్టింపు. అదే ఏడాది గొంజాలెజ్, విలైకీటే బృందం 333 మందిపై చూపిన ఫలితం మరింత నేర్పుతుంది. కుంగుబాటు మొదటి పుండును ముందే సూచించింది, రెండోసారి వచ్చే పుండును సూచించలేదు. అంటే మనసు మీద చేసే ఖర్చు మొదటి పుండు పడకముందే చేయాలి.

లండన్‌లో ఖలీదా ఇస్మాయిల్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం గుండె ఆగేలా ఉంటుంది. మొదటిసారి పాదం పుండుతో వచ్చిన 253 మందిలో మూడింట ఒక వంతుకు కుంగుబాటు ఉంది. 18 నెలల్లో వారిలో మరణాలు మిగిలినవారికన్నా సుమారు మూడు రెట్లు. కారణాలు ఒకటి కాదు. వాటిలో ఒకటి అర్థం చేసుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు. డిమాటియో 2000లో చేసిన సమీక్ష ప్రకారం కుంగుబాటు ఉన్నవారు వైద్యుల సలహా పాటించకపోయే అవకాశం మూడు రెట్లు ఎక్కువ.

పాదం సంరక్షణ అంటే ఏమిటి? రోజూ సాయంత్రం కుర్చీలో కూర్చుని, కాలు మోకాలి మీద వేసుకుని, అరికాలు కనిపించకపోతే అద్దం పెట్టుకుని, వేళ్ళ మధ్య తడి తుడుచుకుని, చెప్పులో రాయి ఉందేమో చేత్తో తడిమి చూడటం. వేడినీళ్ళ కాపడం పెట్టకపోవడం. వేసవిలో గుడి ప్రాంగణంలో ఒట్టి కాళ్ళతో ప్రదక్షిణలు చేయకపోవడం. రేపటి మీద ఆశ ఉన్న మనిషి చేసే పనులివి. "ఎందుకొచ్చిన బతుకు" అనుకునే మనిషి కాలు చూసుకోడు. ఆ కాలికి నొప్పి తెలియదు కాబట్టి అది ఆయన్ను పిలవదు కూడా.

ఒక బిళ్ళ, రెండు పిట్టలు?

మంటకూ దిగులుకూ ఒకే మందు ఉందంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. డులాక్సెటిన్ అలాంటిదే. అమెరికాలో 2004 ఆగస్టులో కుంగుబాటుకు, సెప్టెంబరులో మధుమేహ నరాల నొప్పికి దాన్ని అనుమతించారు. అమిట్రిప్టిలిన్ అంతకన్నా పాతది, చవకైనది. ప్రీగాబాలిన్ కుంగుబాటు మందు కాదు గాని ఐరోపాలో ఆందోళన జబ్బుకు కూడా అనుమతి ఉంది.

ఇవి నొప్పిని తగ్గించేది దిగులు తగ్గించడం ద్వారానా? 1992లో మిచెల్ మాక్స్ బృందం ఈ ప్రశ్నకు చక్కని పరీక్ష పెట్టింది. అమిట్రిప్టిలిన్, డెసిప్రమిన్ కుంగుబాటు ఉన్నవారిలోనూ లేనివారిలోనూ నొప్పిని సమానంగా తగ్గించాయి. ఫ్లూఆక్సెటిన్ మొత్తం మీద ఉత్తుత్తి బిళ్ళకన్నా మెరుగనిపించలేదు. కుంగుబాటు ఉన్నవారికి మాత్రం పనికొచ్చింది. అంటే "నాకు పిచ్చి మందు ఇచ్చారు" అని చీటీ చూసి కంగారుపడే రోగికి ధైర్యంగా చెప్పవచ్చు, ఇది నరం నొప్పికే పనిచేస్తుందని. అదే సమయంలో వైద్యుడు ఇంకోటి గుర్తుంచుకోవాలి. నొప్పికి రాసే 10, 25 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ కుంగుబాటుకు చాలే మోతాదు కాదు. ఆ బిళ్ళ రాశాం కదా, మనసు సంగతి కూడా చూసినట్టే అనుకుంటే పొరపాటు.

ఏ మందు ముందు? బ్రిటన్‌లో 13 కేంద్రాల్లో 130 మందిపై సొలొమన్ టెస్ఫాయే నాయకత్వంలో జరిగిన ఆప్షన్-డీఎం ప్రయోగం 2022లో జవాబిచ్చింది. అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్, ప్రీగాబాలిన్ ఏది ముందు వాడినా, చాలకపోతే రెండోది కలిపితే, పదికి 6.6గా ఉన్న సగటు నొప్పి 3.3కు దిగింది. మూడు దారుల్లోనూ అదే ఫలితం. తేడా అంతా దుష్ఫలితాల్లోనే. డులాక్సెటిన్‌తో వికారం, అమిట్రిప్టిలిన్‌తో నోరు ఎండిపోవడం, ప్రీగాబాలిన్‌తో తల తిరగడం ఎక్కువ.

తల తిరగడం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. దిగులుకు అన్నిటికన్నా గట్టిగా ముడిపడింది తడబాటు అని విలైకీటే చూపింది. నొప్పికి వేసిన బిళ్ళ తడబాటును పెంచితే, మంట తగ్గిన మనిషి మంచం దిగడానికి భయపడతాడు. అమిట్రిప్టిలిన్ లేచి నిలబడగానే రక్తపోటు పడేలా చేస్తుంది. స్వయంచాలక నరాలు అప్పటికే చెడినవారికి అది మరీ చేటు. గుండె జబ్బు, నీటికాసులు, ప్రొస్టేట్ సమస్య ఉన్న పెద్దవాళ్ళకు దాన్ని ఆచితూచి రాయాలి. కాలేయం చెడినవారికి డులాక్సెటిన్ పనికిరాదు. ట్రమడాల్ అనే నొప్పి మందును వీటిలో కొన్నిటితో కలిపితే ప్రమాదం ఉంది. ప్రీగాబాలిన్ కూడా ఉన్న మూర్ఛ మందుల తరగతి మొత్తానికి ఆత్మహత్య ఆలోచనల విషయంలో అమెరికా నియంత్రణ సంస్థ 2008లో హెచ్చరిక జారీ చేసింది. ఎదురింటాయనకు పనిచేసిందని మందుల షాపులో కొనుక్కునే బిళ్ళలు కావివి.

మాటల వైద్యం, విశాఖ సాక్ష్యం

మందులు కాని దారుల్లో గట్టి సాక్ష్యం ఆలోచనా సరళిని సరిదిద్దే చికిత్సకు ఉంది. టైప్-2 మధుమేహంతో పాటు తీవ్ర కుంగుబాటు ఉన్న 51 మందిపై లస్ట్‌మన్ 1998లో చేసిన ప్రయోగంలో పది వారాల చికిత్స తీసుకున్నవారిలో 85 శాతం మంది కోలుకున్నారు. తీసుకోనివారిలో 27 శాతమే. నరాల జబ్బు ఉన్నవారికోసమే రూపొందించిన ప్రయోగాలు మాత్రం చిన్నవి, కొద్దివి. నడకలో నిలకడ పెంచే వ్యాయామం, సరైన పాదరక్షలు, చేతికర్ర వంటివాటిని మనసు వైద్యంగా ఎవరూ లెక్కపెట్టరు. తడబాటే దిగులుకు మూలమైతే అవి మనసు వైద్యమే. "కర్ర పట్టుకుంటే ముసలాణ్ణంటారు" అనే నామోషీని దాటించగలిగిన ఫిజియోథెరపిస్టు ఒక సైకాలజిస్టు పని కూడా చేసినట్టే.

మన దేశంలో ఇది సాధ్యమా అన్న సందేహానికి తెలుగు నేల మీదే జవాబు ఉంది. విశాఖపట్నంలో ఎండోక్రినాలజిస్టు జి.ఆర్. శ్రీధర్, ఆంధ్రా విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర ఆచార్యులు కె. మధు మధుమేహంలో మనసు, సంస్కృతి పాత్ర గురించి 2002లోనే కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. ఆ తర్వాత ఇండిపెండెంట్ అనే ప్రయోగం చెన్నై, ఢిల్లీ, బెంగళూరు, విశాఖపట్నం క్లినిక్‌లలో జరిగి, ఫలితాలు 2020లో జామా పత్రికలో వచ్చాయి. కుంగుబాటు ఉండి షుగర్, బీపీ, కొలెస్టరాల్‌లో ఏదో ఒకటి అదుపులో లేని 404 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం. మిగిలిన సగానికి డాక్టరు కాని ఒక శిక్షణ పొందిన సమన్వయకర్తను ఇచ్చారు. ఆ మనిషి పని రోగికి ఫోను చేయడం, దిగులు ఎలా ఉందో అడిగి మార్కులు వేయడం, ఆ కాగితాలను ఎప్పటికప్పుడు మానసిక వైద్యుడి ముందు, మధుమేహ వైద్యుడి ముందు పెట్టి మందు మార్పించడం. రెండేళ్ళకు కుంగుబాటు సగానికి తగ్గి, షుగర్, బీపీ, కొలెస్టరాల్‌లో కనీసం ఒకటి మెరుగుపడ్డవారు ఈ జట్టులో 71.6 శాతం, మామూలు వైద్యంలో 57.4 శాతం.

ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. ఒక మనిషి, ఒక ఫోను, ఒక పత్రం. అయితే ఆ ప్రయోగం నరాల జబ్బు ఉన్నవారిని విడిగా చూడలేదు. అది నేరుగా పాదాలకు వర్తిస్తుందని చెప్పడానికి ఇంకో ప్రయోగం కావాలి.

మిగిలిన ఖాళీలు

సమీక్ష పూర్తయ్యేసరికి చేతిలో మూడు ఖాళీలు మిగులుతాయి. ఒకటి, ఆందోళన. దిగులు మీద పది పేజీలు రాసిన పరిశోధకులు ఆందోళనకు ఒక పేరా కేటాయించారు. కాలు తీసేస్తారేమోనన్న భయం, పడిపోతానన్న భయం రోగి రోజును శాసిస్తాయి. కాలుపోవడం చావుకన్నా ఎక్కువ భయపెడుతుందని చెప్పిన మధుమేహ రోగులు పరిశోధనల్లోనే ఉన్నారు. రెండు, ఆడవాళ్ళు. వంటింట్లో గంటల తరబడి ఒట్టి కాళ్ళతో నిలబడే గృహిణి తడబాటు మీద, దిగులు మీద విడి పరిశోధన అరుదు. మూడు, భాష. "అరికాళ్ళలో నిప్పులు", "గుండెల్లో గుబులు", "మనసు చచ్చిపోయింది" అనే మన మాటలను అర్థం చేసుకోకుండా ఇంగ్లీషు పత్రాన్ని తెలుగులోకి దించితే, రోగి మొహమాటానికి "బాగానే ఉన్నానండీ" అంటాడు.

వ్యవస్థ సంగతి కూడా చెప్పుకోవాలి. 2015-16 నాటి జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం సాధారణ మానసిక సమస్యలున్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. అదే వేళ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో షుగర్ బిళ్ళలకోసం నెలనెలా వచ్చే రోగి మన కళ్ళముందే ఉన్నాడు. పాదం చూడటానికి వాడే నైలాన్ పోగు 10 గ్రాముల ఒత్తిడికి వంగుతుంది. దాన్ని అరికాలికి తాకించి "తెలుస్తోందా?" అని అడగడానికి రెండు నిమిషాలు. అదే చోట, అదే గొంతుతో, "ఈ రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం గాని, దిగులుగా అనిపించడం గాని ఉందా?" అని అడగడానికి మరో అర నిమిషం. షుగర్ ఉన్నవాడికి దిగులుండదా అని తీసిపారేయడం వైద్యం కాదు. ఉంటుంది కాబట్టే అడగాలి. నయమవుతుంది కాబట్టి తప్పకుండా అడగాలి.

చదివేవారికి ఒక్క మాట. మీ ఇంట్లో ఏళ్ళ నాటి షుగర్‌తో ఉన్న పెద్దవాళ్ళు నడక మానేసి, శుభకార్యాలకు వంకలు చెబుతూ, రాత్రుళ్ళు మేలుకుంటుంటే దాన్ని వయసు ఖాతాలో వేయకండి. ఈ సాయంత్రం వారి పాదాలు మీరే చేత్తో పట్టుకుని చూడండి, చూస్తూ మనసెలా ఉందో అడగండి. బతుకు మీద విరక్తి మాట వినిపిస్తే వాయిదా వేయకండి. 14416 కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.